వాల్వు ముందరి పెట్టెలు

వంటింటి పంపు తిప్పితే ముందు గుర్రుమంది, తరువాత దారంలా సన్నటి ధార మాత్రం వచ్చింది. కాఫీ గిన్నె ఆ ధార కింద పట్టి డార్యా నిలబడింది. గిన్నె నిండటానికి ఎంతసేపు పడుతుందో చూస్తూ కిటికీలోంచి బయటికి చూసింది. మంచు కిటికీ అంచు దాకా పేరుకుపోయి ఉంది. పక్కింటి పొగగొట్టంలోంచి పొగ పైకి పోలేక అక్కడక్కడే ముద్దగా ఆగిపోయింది. కెనడాలోని ఈ డాఫిన్ ఊళ్ళో ఫిబ్రవరి అంటే ఇంతే. వారం రోజులుగా మైనస్ ముప్పై నుంచి పైకి రావడం లేదు.

"నెస్టర్! పంపుకేదో అయింది, ఇలా వచ్చి చూడు."

నెస్టర్ కాళ్ళకి ఊలు మేజోళ్ళు తొడుక్కుంటూనే వచ్చాడు. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇప్పటికీ తెల్లవారకుండానే లేచి, ఎవరూ ఎక్కని బస్సు కోసం తయారవుతున్నట్టే తయారవుతాడు. పంపుని అటూ ఇటూ తిప్పి చూశాడు. సింకు కింది అలమర తలుపులు బార్లా తెరిచి, చెయ్యి లోపలికి పోనిచ్చి గొట్టం తడిమాడు.

"ఉత్తరం గోడలో పైపు గడ్డ కడుతోంది. ఈ తలుపులు ఇలాగే తెరిచి ఉంచు, కాస్త వెచ్చదనం లోపలికి పోతుంది. పంపు కట్టెయ్యకు. కారనీ."

"సరే."

అతను అక్కణ్ణించి కదల్లేదు. తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. ఇప్పుడేం అడగబోతున్నాడో డార్యాకి తెలుసు. రొట్టె కోస్తున్న చాకు ఆపకుండానే అంది.

"వద్దు."

"నేనింకా ఏమీ అనలేదు."

"అనక్కర్లేదు. నీ మొహం చూస్తే తెలుస్తోంది."

"ఆ మూల కాస్త జరుపుదాం డార్యా. మనిషి పట్టేంత దారి చాలు. వాల్వు దాకా చెయ్యి పోవాలి. అంతకంటే అడగటం లేదు."

"కాఫీ చల్లారిపోతుంది, తాగు."

ఆ మూల అంటే బేస్‌మెంటులో, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేసు పక్క మూల. వీధిలోంచి ఇంట్లోకి వచ్చే నీళ్ళ గొట్టం అక్కడే గోడలోంచి బయటికి వస్తుంది. మొత్తం ఇంటి నీళ్ళని ఆపే వాల్వు కూడా అక్కడే ఉంది. ఏడాదికి పైగా ఆ వాల్వు ఎవరి కంటా పడలేదు. దాని ముందు నేల నుంచి భుజం ఎత్తు దాకా అట్టపెట్టెలు, వాటి వెనక ఒక పెద్ద ట్రంకు, ట్రంకు మీద మళ్ళీ పెట్టెలు. అన్నీ లేస్యావి.

లేస్యా వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. పగలు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసేది, సాయంత్రాలు చర్చి హాల్లో పిల్లలకి తమ ఉక్రెయిన్ వాళ్ళ నాట్యం నేర్పేది. ముప్పై రెండో ఏట, ఆ ఏడాది పడ్డ మొదటి మంచులో, హైవే మీద ఒక లారీ అదుపు తప్పి ఆమె కారు మీదికి వచ్చింది. ఆమె అద్దె ఇల్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. బట్టలు, పుస్తకాలు, నాట్యం దుస్తులు, వాటి ఎర్ర నడికట్లు, ఎర్ర తోలు బూట్లు, రిబ్బన్లు వేలాడే పూల కిరీటాలు అన్నీ పెట్టెలకెక్కాయి. బేస్‌మెంటులో చెమ్మ తగలని చోటు ఫర్నేసు పక్కదొక్కటే. డార్యా తన చేతులతో అక్కడ పేర్చింది. పేర్చాక ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు.

తొమ్మిది దాటాక వీధి తలుపు తోసుకుని స్టెఫ్కా వచ్చింది. నెస్టర్‌కి అక్క. రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటుంది. గురువారం గురువారం చర్చి హాల్లో ఆడవాళ్ళంతా కూర్చుని బంగాళదుంప కూరిన పిరోహీలు చేస్తారు. వదినా మరదళ్ళు కలిసే వెళతారు.

"అబ్బ, ఈ చలికి నా ముక్కు ఉందో ఊడిందో కూడా తెలియటం లేదు. ఉందా డార్యా?"

"ఉంది వదినా. ఎర్రగా ఉంది."

"ఉంటే చాలు. ఏరా తమ్ముడూ, మొహం అలా పెట్టుకున్నావేం? బస్సు తప్పిపోయిందా?"

నెస్టర్ నవ్వలేదు. "నువ్వైనా చెప్పక్కా. పైపు గడ్డ కడుతోంది. వాల్వు దగ్గరికి దారి లేదు."

"మా ఆయన బతికున్నప్పుడు మా ఇంట్లో వాల్వు ముందు బీరు సీసాల డబ్బాలుండేవి. ఒకటి మాత్రం మెచ్చుకోవాలి, అవి తొందరగానే ఖాళీ అయ్యేవి." అని నవ్వబోయి, డార్యా మొహం చూసి ఆగిపోయింది. "సరేలే. నేను కారు వేడెక్కిస్తాను. నువ్వు కోటు తొడుక్కుని రా అమ్మాయ్."

డార్యా పై గదిలో తలకి రుమాలు కట్టుకుంటూ ఉండగా కింద నుంచి చప్పుడు వినిపించింది. సిమెంటు నేల మీద అట్ట రాసుకుంటున్న చప్పుడు. ఒక్క ఉదుటున మెట్లు దిగింది. వంటిల్లు దాటి, వెనక మెట్లు దిగి, బేస్‌మెంటులోకి వెళ్ళేసరికి నెస్టర్ ఒక పెట్టెను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"పెట్టు. ఎక్కడిది అక్కడ పెట్టు."

"ఆ గోడ పక్కకి మారుస్తున్నానంతే..."

"నువ్వెవరు మార్చటానికి? నన్నడిగావా?"

"ఏడాదికి పైగా అడుగుతూనే ఉన్నాను."

"నేనూ ఏడాదికి పైగా వద్దంటూనే ఉన్నాను! నీకు గొట్టాలు కావాలి. వాల్వులు కావాలి. పొగ అలారంలో బ్యాటరీ ఉందా, మంచు కరగటానికి మెట్ల మీద ఉప్పు చల్లావా, ఇవి కావాలి. ఆ పిల్లని మట్టిలో పెట్టి వచ్చిన రోజు జనమంతా ఇంట్లో కూర్చుని ఏడుస్తుంటే నువ్వు బయట మంచు ఎత్తిపోస్తున్నావు. గుర్తుందా? ఊరంతా ఏడ్చింది నెస్టర్. నీ కంట మాత్రం ఒక్క చుక్క చూడలేదు నేను."

నెస్టర్ పెట్టె అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. చివరికి అన్నాడు.

"పైపు పగిలితే..."

"పగలనీ! ఇల్లు మునగనీ! ఆ సామాను మీద చెయ్యి వేస్తే మాత్రం ఊరుకోను. ఒట్టు వెయ్యి. వీటిల్లో ఒక్కటి కూడా తొయ్యనని, పడెయ్యనని ఒట్టు వెయ్యి."

అతను వంగి పెట్టెను మెల్లగా యథాస్థానంలో పెట్టాడు. అంచులు సరిగ్గా కలిసేలా వేళ్ళతో సర్దాడు.

"తొయ్యను. పడెయ్యను. ఒట్టు."

డార్యా వెనక్కి చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

హాల్లో బల్లల మీద పిండి చల్లి ఉంది. ఉడికిన బంగాళదుంప వాసన, వేగిన ఉల్లిపాయ వాసన. పదిమంది ఆడవాళ్ళ మాటల్లో ఎవరి కోడలు ఏమందో, ఎవరి మోకాలికి ఆపరేషనో అన్నీ దొర్లిపోతున్నాయి. డార్యా పిండి బిళ్ళలో ముద్ద పెట్టి అంచులు నొక్కుతోంది. ఆమె నొక్కినవి మళ్ళీ మళ్ళీ విడిపోతున్నాయి. ఎదురుగా మారుసా కూర్చుని ఉంది. ఇప్పుడు పిల్లలకి నాట్యం నేర్పుతున్నది ఆమే. నిరుడొకసారి, "లేస్యా దగ్గరున్న పిల్లల దుస్తులు..." అని అడగబోయి, డార్యా చూపు చూసి మాట మింగేసింది. ఆ తరువాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. ఇవాళ కూడా పిండి గిన్నె డార్యా వైపు జరిపి తన పనిలో పడింది.

"గట్టిగా తిట్టావా వాణ్ణి?" స్టెఫ్కా పక్కనే కూర్చుని గొంతు తగ్గించి అడిగింది. "కారు దాకా వినపడ్డాయి నీ మాటలు."

"వినపడితే వినపడనీ వదినా. నేనన్నదాంట్లో అబద్ధముందా? మీ తమ్ముడు ఏడవగా నువ్వు చూశావా?"

"ఒక్కసారి చూశాను. మా నాన్న పోయినప్పుడు. అప్పుడు వాడికి పన్నెండేళ్ళో పదమూడేళ్ళో. ఇంట్లో బండరాయిలా కూర్చున్నాడు. మా అమ్మ కూడా తిట్టింది, వీడికి గుండె లేదని. సాయంత్రం పాలు పితకటానికి కొట్టంలోకి వెళితే, ఆవు మెడ చుట్టూ చేతులేసి వేలాడుతున్నాడు. నన్ను చూసి ముక్కు తుడుచుకుని బాల్చీ ఎత్తుకున్నాడు." స్టెఫ్కా ఒక పిరోహీ అంచు నొక్కి పళ్ళెంలో పెట్టింది. "మనుషుల ముందు ఏడవటం చేతకాదు వాడికి. అంతకు మించి నాకూ తెలీదు."

డార్యా తన వంతు పని అయ్యేదాకా తల ఎత్తలేదు.

మధ్యాహ్నం ఇద్దరూ ఇంటికి వచ్చారు. స్టెఫ్కా కారులోంచి పళ్ళేలు దింపుతుంటే డార్యా ముందు లోపలికి వచ్చింది. ఇంట్లో దీపాలు లేవు. మీట నొక్కితే వెలగలేదు. వెనక తలుపు నుంచి ముందు గది దాకా వరసగా అట్టపెట్టెలు. సోఫా మీద పెట్టెలు. భోజనాల బల్ల మీద పెట్టెలు. కుర్చీల మీద ఒక్కొక్కటి. మీద తన చేతిరాతే కనపడుతోంది. లేస్యా పుస్తకాలు. లేస్యా చలికోట్లు.

ఆమెకి ముందు ఒళ్ళు మండిపోయింది. అంత ఒట్టు వేయించుకుని వెళితే, ఆమె వీపు తిప్పగానే మొత్తం పైకి ఎక్కించాడు! "నెస్టర్!" అని అరవబోతుండగా ఆ చప్పుడు చెవిన పడింది. కింద నుంచి వస్తోంది. పంపు చప్పుడు కాదు. వాన చప్పుడు.

బేస్‌మెంటు మెట్ల దగ్గరికి పరుగెత్తింది. ఉత్తరం గోడ పైన, కప్పు కింద గొట్టం చీలిపోయి నీళ్ళు విసనకర్రలా విరజిమ్ముతున్నాయి. చిన్న కిటికీలోంచి పడుతున్న మసక వెలుతురులో నేల కనపడటం లేదు. పిక్కల దాకా నీళ్ళు. ఆ నీళ్ళ మధ్యలో నెస్టర్, ఒక పెట్టెను పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ వస్తున్నాడు. తల నుంచి కాళ్ళ దాకా తడిసి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. అతని కాళ్ళ చుట్టూ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రక్తం! నెస్టర్, నీకు రక్తం..."

"కాదు." పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "నడికట్ల రంగు. అడుగు పెట్టె... నేను దిగేసరికే తడిసింది. మిగతావి... తడవలేదు. చాలావరకు తడవలేదు డార్యా. కరెంటు తీసేశాను, భయంలేదు."

"వాల్వు?"

"ఇంకా చేరలేదు. ట్రంకు మీది పెట్టెలున్నాయి. ట్రంకు ఉంది. ఊరి నీళ్ళవాళ్ళకి ఫోను చేశాను. ఊరంతా పైపులు పగిలాయట. వస్తామన్నారు."

మెట్టు మీద పెట్టె పెట్టి మళ్ళీ వెనక్కి తిరగబోయాడు. గోడ పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. లేవటానికి చెయ్యి ఊనబోతే వేళ్ళు తెరుచుకోలేదు.

డార్యా నీళ్ళలోకి దిగింది. చలి ఎముకల్లోకి పొడుచుకుంది. మూల దగ్గరికి వెళ్ళి పై పెట్టె ఎత్తింది. నీళ్ళు మొహాన కొడుతున్నాయి. ఎక్కడ పెట్టాలి? ఎండిన చోటు మెట్ల మీద తప్ప లేదు. పెట్టె పట్టుకుని వెనక్కి తిరిగింది. నెస్టర్ తల గోడకి ఆని పక్కకి వాలిపోయి ఉంది. కళ్ళు సగం మూసుకుపోయాయి. ఇందాకటి దాకా వణికిన ఒళ్ళు ఇప్పుడు వణకటం లేదు.

చేతిలో పెట్టెను వదిలేసింది. అది దబ్బున నీళ్ళలో పడి చీలిపోయింది. రెండోది లాగి పక్కకి విసిరింది. మూడోది కాలితో తన్నింది. ఎర్ర బూట్లు తేలి వచ్చాయి. పూల కిరీటాల రిబ్బన్లు ఆమె కాళ్ళకి చుట్టుకున్నాయి.

"డార్యా! వద్దు!" నెస్టర్ గొంతు పీలగా వచ్చింది. "అవి... అవి..."

"నోరు మూసుకో! కళ్ళు తెరిచి ఉంచు! నా వైపు చూడు!"

ట్రంకు కదల్లేదు. రెండు చేతులూ వేసి, ఒక కాలు ఫర్నేసుకి తన్నిపెట్టి లాగింది. మూత ఊడింది. లోపల తన తల్లి కుట్టిన తెల్ల చొక్కా, లేస్యా మొదటిసారి వేదిక ఎక్కినప్పుడు వేసుకున్నది, మడత మీద మడతగా ఉంది. ఒక్క క్షణం చూసింది. భుజంతో ట్రంకును నెట్టింది. అది ఒరిగి బోర్లా పడింది. గోడ కనపడింది. గొట్టం కనపడింది. దాని మీద చిన్న గుండ్రటి పిడి.

ఈ ఇంట్లో ముప్పై నాలుగేళ్ళుగా ఉంటోంది. ఆ పిడిని ఒక్కసారి కూడా తిప్పి ఎరగదు.

"ఎటు? ఎటు తిప్పాలి?"

"కుడికి... గడియారం తిరిగినట్టు."

పిడి బిగిసిపోయి ఉంది. తల మీది రుమాలు లాగి దానికి చుట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తిప్పింది. కదలలేదు. దేవుణ్ణి తిట్టింది. మళ్ళీ తిప్పింది. కిర్రుమని కొంచెం కదిలింది. ఇంకొంచెం. కప్పు దగ్గర నీళ్ళ వేగం తగ్గింది, ధార అయింది, చుక్కలయింది. బేస్‌మెంటంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"వదినా!" ఆ నిశ్శబ్దంలో డార్యా కేక పెట్టింది. "వదినా! అంబులెన్సు పిలువు!"

నెస్టర్‌ని ఆసుపత్రిలో ఉంచేశారు. ఒళ్ళు చల్లబడి గుండె లయ తప్పిందన్నారు, వేళ్ళు దక్కుతాయన్నారు. కుడిచేతి చిటికెన వేలి గురించి మాత్రం ఇంకా చెప్పలేమన్నారు. మర్నాడు డార్యా వెళ్ళేసరికి అతను దుప్పట్ల గుట్టలోంచి తల మాత్రం బయటపెట్టి కిటికీ వైపు చూస్తున్నాడు. చేతులకి కట్లున్నాయి. ఆమె మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఎందుకు తోసెయ్యలేదు?" అని అడిగింది. "రెండు నిమిషాల పని. పక్కకి తోసేసి వాల్వు కట్టేస్తే ఇల్లూ దక్కేది, నువ్వూ ఇలా పడేవాడివి కాదు."

"ఒట్టేశాను కదా."

"ఒట్టా? అదొక ఒట్టా నెస్టర్! కోపంలో ఏదో వాగితే..."

"ఒట్టు లేకపోయినా తొయ్యలేకపోయేవాణ్ణి." అతను ఇంకా కిటికీ వైపే చూస్తున్నాడు. "మొదటిది తోద్దామనే చెయ్యి వేశాను. చేతులు రాలేదు."

డార్యా అతని మొహంలోకి చూసింది.

"నేను రోజూ అక్కడికి వెళతాను," అన్నాడు. "నువ్వు ఆదివారం చర్చికి వెళ్ళినప్పుడు, గురువారం హాలుకి వెళ్ళినప్పుడు. మిగతా రోజుల్లో నువ్వు నిద్ర లేవకముందు. ఫర్నేసు చూసి వస్తానని దిగుతాను. ఆ పెట్టెల మధ్య కూర్చుంటాను. ఒక్కోసారి చలికోట్ల పెట్టె మూత కొంచెం తెరుస్తాను. వాసన కోసం."

ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది.

"ఆ మూత తెరిచి ఉండేది," అంది. "నేనే తెరిచి మూయటం మరిచిపోయాననుకునేదాన్ని. నువ్వు మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు నేను వెళ్ళేదాన్ని నెస్టర్. ఆ పెట్టె మీదే తల పెట్టుకునేదాన్ని."

ఒకే ఇంట్లో, ఒకే మూలలో, ఒకరికి తెలియకుండా ఒకరు. పక్క మంచం ముసలాయన దగ్గుతున్నాడు. నర్సు వచ్చి ఏదో చూసి వెళ్ళిపోయింది.

"నన్నెందుకు పిలవలేదు?"

"నువ్వు వస్తే నేను లేవాలి. నువ్వు ఏడిస్తే పట్టుకోవాలి. పట్టుకునేవాడు ఏడవకూడదు కదా."

"ఎవరు చెప్పారు నీకు ఆ మాట?"

అతను తనలో తాను అనుకుంటున్నట్టు, చిన్న గొంతుతో అన్నాడు. "దారి ఎందుకడిగానో తెలుసా? ఇల్లు మునిగిపోతుందని కాదు. ఇల్లు మునిగితే బాగుచేయించుకోవచ్చు. పైపు పగిలితే ముందు పోయేవి అవే కదా. అవి పోతాయని. వాటికోసమే అడిగాను."

"మరి ఆ మాట చెప్పొచ్చు కదా! ఏడాదికి పైగా పైపు, పైపు, పైపు అంటావు గానీ..."

"చెప్పాలంటే దాని పేరు చెప్పాలి."

డార్యా ఉలిక్కిపడింది. వెనక్కి, వెనక్కి వెతుక్కుంది. నిజమే. ఆ రోజు నుంచి అతని నోట ఆ పేరు వినలేదు. 'ఆ మూల' అంటాడు, 'ఆ సామాను' అంటాడు. తను దాన్ని రాతిగుండె అనుకుంది. గొట్టాల మీద ఉన్న ప్రేమ కూతురి మీద లేదనుకుంది. అందరూ వినేలా ఏడ్చిన తన ఏడుపే ఏడుపనుకుంది. ఈ మనిషి గడ్డకట్టే నీళ్ళలో నిలబడి, ఒక్కొక్క పెట్టెనే గుండెకి హత్తుకుని మెట్లెక్కించాడు. నీళ్ళు పెరుగుతున్నా తొందరపడలేదు. ఒక్క పెట్టె కూడా నీళ్ళలో పెట్టలేదు. చోటున్నంత మేరకు సోఫా మీద, కుర్చీల మీద కూర్చోబెట్టాడు.

"లేస్..." అన్నాడు నెస్టర్. మళ్ళీ ప్రయత్నించాడు. "లేస్యా. నా లేస్యా."

అతని మొహం మొత్తం చెదిరిపోయింది. కట్లు కట్టిన చేతులతో మొహం దాచుకోబోతే డార్యా ఆ చేతుల్ని పక్కకి తీసి, మంచం అంచు మీదికి వంగి, అతని తలని తన మెడ దగ్గరికి లాక్కుంది. పక్క మంచం ముసలాయన గోడ వైపుకి తిరిగి పడుకున్నాడు.

తడిసిన సామాను ఆరబెట్టడానికి ఇంట్లో చోటు చాలలేదు. స్టెఫ్కా ఎవరెవరికి ఫోను చేసిందో ఏమో, శనివారానికల్లా చర్చి హాలు ఈ చివర నుంచి ఆ చివరకి తాళ్ళు కట్టేశారు. పిరోహీలు చేసే ఆడవాళ్ళే ఒక్కొక్క దుస్తూ పిండి ఆరేశారు. కొన్ని దక్కాయి. చాలా దక్కలేదు. నడికట్ల ఎరుపు కారి తెల్ల చొక్కాలన్నిటికీ పట్టుకుంది. ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, విడదీస్తే మొహాలు ఊడి వచ్చాయి. తన తల్లి కుట్టిన చొక్కాని డార్యా మూడు నీళ్ళలో ఉతికింది. గులాబీ మరకలు పోలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని హాలు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. మారుసా పక్కనే వచ్చి కూర్చుంది.

"దక్కినవాటిల్లో పిల్లలకి సరిపోయేవేవో చూడు," డార్యా ముక్కు తుడుచుకుంటూ అంది.

"తొందరేం లేదు డార్యా."

"నాకుంది. పెట్టెల్లో పెట్టి మళ్ళీ ఏ మూలన పేర్చమంటావు?"

నెస్టర్ ఇంటికొచ్చే నాటికి పగిలిన గొట్టం మార్చారు, పాత వాల్వు తీసేసి కొత్తది బిగించారు. ప్లంబరు నీళ్ళు వదలబోతే డార్యా ఆపింది. మా ఆయన వచ్చాక మేమే నీళ్ళు వదులుతామంది. స్టెఫ్కా తన ఇంటి నుంచి బకెట్లతో నీళ్ళు తెచ్చి సూపు కాచింది. కాస్తున్నంతసేపూ పెళ్ళైన కొత్తలో కూడా ఇంత చాకిరీ చేయలేదని గొణుగుతూనే ఉంది.

ఇద్దరూ బేస్‌మెంటు మెట్లు దిగారు. నెస్టర్‌ని ఒక పక్క పట్టుకుని డార్యా, గోడ పట్టుకుని అతను. చిటికెన వేలి చివర కట్టు ఇంకా ఉంది, ఆ కణుపు దక్కలేదు. ఫర్నేసు పక్క మూల ఖాళీగా, ఊడ్చినట్టు ఉంది. నేల మీద చెమ్మ మరక మిగిలింది. ఇచ్చేవి ఇచ్చేయగా మిగిలిన నాలుగు పెట్టెలూ ఎదుటి గోడకి ఎత్తుగా కొట్టించిన బల్ల మీద ఉన్నాయి. నెస్టర్ ఆ ఖాళీ మూల చూశాడు.

"బోసిగా ఉంది," అన్నాడు.

"ఉంటుంది," అంది డార్యా. "నాకూ అలాగే ఉంది."

"తిప్పు. ఈసారి ఎడమకి. మెల్లగా. ఒక్కసారే తెరిస్తే గొట్టం అదురుతుంది."

ఆమె వాల్వు పట్టుకుని మెల్లగా తిప్పింది. గొట్టాల్లో గాలి బుసకొట్టింది. ఏదో తడబడినట్టు టకటకమంది. తలపైన ఇల్లంతా నీళ్ళు పరుగెత్తుతున్న చప్పుడు మొదలైంది. పై నుంచి స్టెఫ్కా కేక వినపడింది.

"వచ్చాయి! ముందు తుప్పు నీళ్ళొచ్చాయి, ఇప్పుడు తెల్లగా వస్తున్నాయి! పైకి రండి, సూపు చల్లారిపోతోంది!"

డార్యా మెట్టు మీద కూర్చుని పక్కన చోటు తట్టింది. నెస్టర్ మెల్లగా కూర్చున్నాడు.

"దాని గురించి ఏదైనా చెప్పు," అంది. "నాకు తెలియనిది."

"నీకు తెలియనిదేముంటుంది?"

"నీ బస్సులో ఎనిమిదేళ్ళు స్కూలుకి వెళ్ళింది. ఆ బస్సులో నేను లేను కదా."

నెస్టర్ కట్టు కట్టిన వేలు చూసుకున్నాడు. నవ్వబోయాడు, కళ్ళు నిండాయి. ఈసారి తుడుచుకోలేదు.

"బస్సులో నన్ను నాన్నా అని పిలిచేది కాదు," అన్నాడు. "అందరిలాగే మిస్టర్ అని ఇంటిపేరుతో పిలిచేది. పిల్లలు ఎగతాళి చేస్తారని. మన వీధి మలుపు తిరిగి, మిగతా పిల్లలంతా దిగిపోయాక, వెనక సీట్లోంచి ముందుకొచ్చి నా వెనక నిలబడేది. నిలబడి..."

"నెస్టర్! డార్యా! మీకేనర్రా చెప్పేది, చల్లారిపోతోంది!"

"వస్తున్నాం వదినా, కాసేపాగు," డార్యా పైకి అరిచింది. లేవలేదు. అతని భుజానికి తల ఆనించి, "ఊఁ, నిలబడి?" అంది.

నెస్టర్ చెప్పసాగాడు.